విక్కా పీఠం మీద కాళికాదేవి

ప్రశ్న: మా కోడలు అమెరికా అమ్మాయి. ఏ సంఘంలోనూ చేరకుండా విక్కా మతాన్ని తనకు నచ్చిన రీతిలో ఆచరిస్తుంది. విక్కా పండుగైన అక్టోబరు 31 రాత్రి గ్రీకు దేవత హెకాటీ పక్కన కాళికాదేవి ప్రతిమను పెట్టి, చుట్టూ వలయం గీసి, వైన్ నివేదించింది. కాళి అంటే దేవి వృద్ధరూపమని ఆమె అంటుంది. ఇది అపచారం కాదా? నాకు భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: విక్కా అనగానే మనకు మంత్రగత్తె అనే మాట, దాని వెంటే చేతబడి, బాణామతి గుర్తుకు వస్తాయి. ఆ భయం మీకు అక్కరలేదమ్మా. అది ఇంగ్లండులో 1951లో మంత్రవిద్యకు సంబంధించిన పాత చట్టం రద్దయ్యాక జెరాల్డ్ గార్డ్‌నర్ రచనల ద్వారా లోకానికి తెలిసిన ఆధునిక మతం; ఎవరికీ హాని చేయరాదన్నది దాన్ని ఆచరించేవారు తరచుగా చెప్పుకునే నియమం.

వలయం గీసి నాలుగు దిక్కులను పిలవడం మన దిగ్బంధనానికి ఎంతో దూరం కాదు. దేవతను పిలిచి, క్రతువు ముగిశాక సాగనంపడం మన ఆవాహన, ఉద్వాసనల వంటిదే. వినాయక చవితి పూజ పూర్తయ్యాక మట్టి ప్రతిమను కాస్త కదిపి "యథాస్థానం ప్రవేశయామి" అనడం మీకు తెలిసినదే. అయితే ప్రతిమ ఏడాది పొడవునా ఆ బల్ల మీదే ఉండేటట్లయితే, పండుగ రాత్రి మాత్రమే తలచుకోవడం మర్యాద కాదని, రోజూ ఒక దీపమైనా పెట్టమని చెప్పండి.

హెకాటీ పక్కన ఉంచడంలో నాకు తప్పు కనిపించదు. వేళాంగణి మాత పటం ఉన్న పూజగదులు మనలోనూ ఉన్నాయి. నా అభ్యంతరమల్లా ఆ వృద్ధరూపం అన్న మాట మీదనే. దేవిని కన్య, తల్లి, వృద్ధ అని మూడుగా భావించే విక్కా పద్ధతిలో మూడో స్థానం నింపడానికి కాళిని తెచ్చుకునేవారు పాశ్చాత్య దేశాల్లో చాలామంది ఉన్నారు. కాళి ప్రసిద్ధ రూపమైన దక్షిణకాళి ధ్యానశ్లోకంలోని దేవి భయంకరమైన ముఖం, విరబోసిన జుట్టు కలిగినదే గాని నిండు యౌవనవతి; దేవి పది రూపాలైన దశమహావిద్యలలో వృద్ధ వితంతువుగా ధ్యానించేది ధూమావతిని. 18వ శతాబ్దంలో కాళీభక్తుడైన కవి రామప్రసాద్ సేన్ బెంగాలీలో అలిగి, నిలదీసి, బతిమాలి పాడింది కూడా అమ్మతోనే. తనను కొలిచినవారు శతాబ్దాలుగా ఎలా చూశారో తెలుసుకోకుండా ఒక దేవతను మన ఖాళీలో అమర్చుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

వైన్ విషయానికి వస్తే, శక్తిని కొలిచే శాక్తంలో మద్యనివేదన ఉన్నమాట నిజమే గాని, కౌలమార్గమనే తాంత్రిక శాఖలో అది గురువు దీక్ష ఇచ్చినవారికి సంబంధించినది. ఇంట్లో ఎర్రమందారం, ఒక పండు, బెల్లంముక్క చాలు.

2024లో దీపావళి అమావాస్య నాటి కాళీపూజ సరిగ్గా అక్టోబరు 31నే వచ్చింది. ఈసారి దీపావళి అమావాస్య నాడు వీడియో కాల్‌లో ఆ ప్రతిమను దగ్గరగా చూపమనండి. ఎడమ చేతుల్లోని ఖడ్గాన్నీ తెగిన శిరస్సునూ ఆమె ఈపాటికి గమనించే ఉంటుంది, కుడి చేతులు రెండూ అభయ, వరద ముద్రల్లో ఉంటాయని మీరు చెప్పండి.