ఓనర్ దగ్గరున్న అడ్వాన్స్ ఎమర్జెన్సీ ఫండ్ ఎలా అవుతుంది?

ప్రశ్న: మేడమ్, నాకు 27 ఏళ్లు. మాది మదనపల్లె దగ్గర పల్లె. బెంగళూరు మారతహళ్లిలో ఫ్రెండ్‌తో కలిసి ఉంటాను. కాంట్రాక్టు మీద టెస్టింగ్ ఉద్యోగం, చేతికి 46,000 వస్తుంది. ఆర్నెల్లకోసారి రెన్యూ చేస్తారు. సెలవురోజుల్లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. పని ఉన్న నెలలో ఏడెనిమిది వేలు వస్తాయి. రెండేళ్ల కిందట 72,000కు కొన్న ల్యాప్‌టాప్‌లో ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ 4 జీబీ, ర్యామ్ 8 జీబీ. 4కే వీడియో పెడితే నత్తనడకే. గ్రాఫిక్స్ కార్డు మార్పిద్దామా, బయట తగిలించే కార్డు కొందామా, కొత్త ల్యాప్‌టాప్ తీసుకుందామా అని ఆలోచిస్తున్నాను. ఒక యాప్‌లో 1,10,000 ప్రీ అప్రూవ్డ్ లోన్ ఉంది. 24 నెలలు, 24 శాతం వడ్డీ, 3 శాతం ప్రాసెసింగ్ ఫీజు. శుక్రవారం లోపు తీసుకోవాలట. కాదంటే అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి తీసుకోవచ్చు. నెల ఖర్చులు: అద్దె 12,000, తిండి 8,000, ఇంటికి 10,000, ఫోన్ ఈఎంఐ 2,400, పెట్రోలు, మిగతావి 7,000. బ్యాంకులో 18,000 ఉంది. ఎమర్జెన్సీకి ఇబ్బంది లేదు, ఇంటి అడ్వాన్స్‌లో నా వాటా 1,20,000 ఉంది.

జవాబు: మీ చివరి వాక్యంతో మొదలుపెడతాను. అడ్వాన్స్‌ను ఎమర్జెన్సీ లెక్కలో వేసుకునేవాళ్లు బెంగళూరులో నాకు తరచూ కనిపిస్తారు. అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను. ఇక్కడ పది నెలల అద్దె అడ్వాన్స్‌గా కట్టడం పాత అలవాటు. అంత పెద్ద మొత్తం కట్టాం కాబట్టి అది మన పొదుపే అనిపిస్తుంది. కానీ ఆ డబ్బు ఓనర్ ఎప్పుడో వాడేసుకుని ఉంటాడు. మీరు నోటీసివ్వాలి, ఖాళీ చేయాలి, పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పోగొట్టుకోవాలి, మిగిలింది ఆయనకు వీలైనప్పుడు చేతికొస్తుంది. ఈలోగా కొత్త ఇంటికి మళ్లీ అడ్వాన్స్. మీ విషయంలో ఇంకో చిక్కు, ఫ్రెండ్ కూడా ఖాళీ చేయడానికి ఒప్పుకోవాలి. హాస్పిటల్ బిల్లింగ్ కౌంటర్‌లో రెంటల్ అగ్రిమెంట్ చూపిస్తే అడ్మిషన్ ఇవ్వరు కదా!

కాబట్టి మీ ఎమర్జెన్సీ ఫండ్ 18,000. మీ ఖర్చు నెలకు 39,400. అంటే పక్షం రోజులు కూడా గడవదు. అదీ ఆర్నెల్లకోసారి గండంలా రెన్యువల్ ఉన్న ఉద్యోగంలో.

ఇప్పుడు లోన్ చూద్దాం. 1,10,000కు 24 శాతం మీద ఈఎంఐ దాదాపు 5,816. రెండేళ్లలో కట్టేది సుమారు 1,39,600. ప్రాసెసింగ్ ఫీజు 3,300, దాని మీద జీఎస్టీ 594 ముందే కోసేస్తే చేతికొచ్చేది 1,06,106. అన్ని ఖర్చులూ పోగా మీకు నెలకు మిగిలేది 6,600. ఈఎంఐ కట్టాక 784 రూపాయలు. టైరు పంక్చరై ట్యూబ్ మార్చాల్సి వస్తే ఆ నెల అయిపోయినట్టే. ఎడిటింగ్ డబ్బుతో కడతానంటారేమో. ఆషాఢంలో, మూఢంలో, ధనుర్మాసంలో మన పెళ్లిళ్లు ఆగుతాయి, ఈఎంఐ ఆగదు.

శుక్రవారం గడువు చూసి టెన్షన్ పడకండి. అప్పివ్వడానికి వాళ్లు మళ్లీ శనివారమూ మెసేజ్ పెడతారు. ఈ ఉత్తరం చేరేలోపే యాప్‌లో లోన్ తీసేసుకుని ఉంటే, లోన్ వివరాలన్నీ రాసి ఇచ్చే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో కూలింగ్ ఆఫ్ పీరియడ్ ఎన్ని రోజులో చూడండి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఆ గడువులోగా అసలు, అన్ని రోజుల వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం పోవచ్చు. అమ్మ గాజుల జోలికి అసలు వెళ్లొద్దు. రెన్యువల్ రాని నెలలో వడ్డీ ఎవరు కడతారు?

అసలు దేనికోసం ఈ అప్పు? మీ ల్యాప్‌టాప్‌లాంటి వాటిలో గ్రాఫిక్స్ చిప్‌ను మదర్‌బోర్డు మీదే సోల్డర్ చేసేస్తారు. డెస్క్‌టాప్‌లోలా పాత కార్డు లాగి కొత్తది గుచ్చడం కుదరదు. ఏదైనా షాపులో 'మార్చేస్తాం' అంటే మొత్తం బోర్డు మారుస్తారని అర్థం. ఆ బోర్డుకు మీ ల్యాప్‌టాప్ ఫ్యాన్, ఛార్జర్ సరిపోవాలి, గ్యారంటీ ఎవరిస్తారో తెలియదు. బయట తగిలించే కార్డు సాఫీగా నడవాలంటే ల్యాప్‌టాప్‌కు థండర్‌బోల్ట్ గానీ యూఎస్‌బీ4 గానీ అనే వేగమైన పోర్టు ఉండాలి. యూఎస్‌బీ సీ పోర్టు కనిపించినంత మాత్రాన అది ఉన్నట్టు కాదు. ఉన్నా కార్డు, దాన్ని పెట్టే డబ్బా, పవర్ సప్లై అన్నీ కొనాలి. ఆ డబ్బుకు మంచి డెస్క్‌టాప్ దగ్గర్లోకి వచ్చేస్తుంది.

పైసా ఖర్చులేని పని ముందు చేయండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాక్సీలు, అంటే అదే వీడియోకు తక్కువ సైజు కాపీలు తయారు చేసుకుని, వాటితో కట్ చేసి, చివర్లో ఒరిజినల్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేయండి. దావించి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనూ ఈ సౌకర్యం ఉంది. ల్యాప్‌టాప్‌ను ఛార్జర్ పెట్టే నడపండి. రెండేళ్ల దుమ్ము తీయించి, థర్మల్ పేస్ట్ వేయించండి, వేడెక్కితే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. నాకైతే మీ అసలు ఇబ్బంది 8 జీబీ ర్యామ్ దగ్గరే ఉందనిపిస్తోంది. 4కే వీడియోకు అది చాలదు.

కొత్త ల్యాప్‌టాప్‌కు నో కాస్ట్ ఈఎంఐ అని ఎవరైనా చెబితే, క్రెడిట్ కార్డు మీదైతే వడ్డీపై 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు, ఒకేసారి కడితే దొరికే డిస్కౌంటు పోవడం కలిపి చూడండి. సీజన్‌లో పెద్ద ఆర్డరొస్తే ఆ వారం మంచి మెషీన్ అద్దెకు తీసుకోండి, ఆ ఖర్చు కస్టమర్ బిల్లులోనే వేయండి.

ఇక నా పాత పాట. నెలకు మిగిలే 6,600, ఎడిటింగ్‌లో సగటున 5,000 కలిపి 11,600 వేరే బ్యాంకు ఖాతాలో వేయండి. దానికి డెబిట్ కార్డు తీసుకోకండి, యూపీఐ యాప్‌లో కలపకండి. ఉన్న 18,000తో కలిపి దాదాపు తొమ్మిది నెలల్లో 1,20,000 అవుతుంది, అంటే మూడు నెలల ఖర్చు. మీకు ఆరు నెలలది కావాలి, కానీ ముందు మూడు చేరనివ్వండి. ఫోన్ ఈఎంఐ అయిపోగానే ఆ 2,400 కూడా ఇటే మళ్లించండి.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క ముక్కా రాయలేదు. కంపెనీ గ్రూప్ కవర్ ఉన్నా కాంట్రాక్టు పోతే అదీ పోతుంది. మీ పేరున సొంత హెల్త్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, ఫండ్ నిండటం పది నెలలు పట్టినా ఫర్వాలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. ఇంటికి నెలనెలా పదివేలు పంపుతున్నారంటే మీ మీద ఆధారపడినవాళ్లున్నారు, టర్మ్ పాలసీ కూడా కావాలి. అమ్మకు కూడా హెల్త్ పాలసీ తీసుకుంటే, ఆమెకు బీపీ, షుగర్ ఉంటే ఫారంలో దాచకుండా రాయించండి.

కొత్త ల్యాప్‌టాప్ మాట ఆ 1,20,000 నిండాక, ఎడిటింగ్ డబ్బుతోనే. ర్యామ్ కోసం మాత్రం ఇప్పుడే బెంగళూరులో కంప్యూటర్ విడిభాగాల షాపులుండే ఎస్పీ రోడ్డుకు వెళ్లొచ్చు. వెళ్లేముందు మీ మోడల్‌కు ర్యామ్ స్లాటు ఖాళీ ఉందో, అది డీడీఆర్4 రకం ర్యామ్ తీసుకుంటుందో, డీడీఆర్5 రకం తీసుకుంటుందో రాసుకోండి. ధరలు ఈమధ్య బాగా పెరిగాయి, మూడు నాలుగు షాపుల్లో అడగండి, బిల్లు తీసుకోండి. శనివారం వెళ్లండి, ఆదివారం అక్కడ చాలా షాపులు మూసి ఉంటాయి.