కొత్త పీసీలో విండోస్ ఇన్‌స్టాల్ మధ్యలో హ్యాంగ్ అవుతోందా? ఎస్‌ఎస్‌డీ మార్చేముందు ర్యామ్ చూడండి

మీరు రాసిన వివరాల ప్రకారం మీ కొత్త పీసీలో ఉన్నవి రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550ఎమ్ బోర్డు, 8 జీబీ డీడీఆర్4 3600 ర్యామ్ స్టిక్‌లు రెండు, 500 జీబీ ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ (పవర్ సప్లై). విండోస్ 11 ఇన్‌స్టాల్ ఒకసారి 18% దగ్గర, ఇంకోసారి 61% దగ్గర ఆగిపోయింది. మరోసారి రీస్టార్ట్ దాకా వెళ్లి, అక్కడ తిరిగే చుక్కలు కూడా కదలకుండా నిలిచిపోయాయి. పెన్‌డ్రైవ్ మార్చారు, విండోస్ ఇన్‌స్టాల్ ఫైలు (ఐఎస్‌ఓ) మళ్లీ డౌన్‌లోడ్ చేశారు. షాపువాళ్లేమో ఎస్‌ఎస్‌డీ పోయిందంటున్నారు. ఇప్పుడే దాని మీద డబ్బు పెట్టకండి.

ఆగే చోటు ప్రతిసారీ మారుతోంది, అసలు గుట్టంతా అక్కడే ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఫైలు పాడైతే దాదాపు ఎప్పుడూ ఒకే శాతం దగ్గర ఆగుతుంది. ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంటే ముందు ర్యామ్‌ని, ఆ తర్వాత కరెంటు సరఫరాని అనుమానించాలి. విండోస్ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఒక పెద్ద కంప్రెస్డ్ ఫైలుగా ఉంటాయి. సెటప్ దాన్ని ముక్కలు ముక్కలుగా ర్యామ్‌లోకి తెచ్చి, విప్పి, సరిచూసి డిస్క్‌లో రాస్తుంది. ర్యామ్‌లో ఒక్క బిట్ తారుమారైనా లెక్క తప్పుతుంది. అప్పుడు 8007025డి, 80070570 లాంటి నంబర్లతో ఎర్రర్ రావచ్చు. తారుమారైన బిట్ సెటప్ ప్రోగ్రామ్ సొంత కోడ్‌లోనిదైతే ఎర్రర్ కూడా రాదు, ఉన్నచోటే బిగుసుకుపోతుంది. బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగ్‌లు) స్క్రీన్‌లో గంటసేపు బాగానే ఉంటోంది కదా అనుకోకండి, అక్కడ ర్యామ్‌కి పెద్దగా పనే ఉండదు.

మళ్లీ హ్యాంగ్ అయినప్పుడు కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతుంటే సిస్టమ్ బతికే ఉంది, పెన్‌డ్రైవ్ కోసమో ఎస్‌ఎస్‌డీ కోసమో ఎదురుచూస్తోంది. పాత పెన్‌డ్రైవైతే ఒకే శాతం దగ్గర పది, పదిహేను నిమిషాలు నిలబడడం మామూలే, ఇరవై నిమిషాలు ఆగి చూడండి. లైటులో చలనం లేదు, మౌస్ కూడా కదలట్లేదు అంటే అది అసలైన లాకప్. అప్పుడు కింద చెప్పిన వరుసలో వెళ్లండి.

ముందుగా బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ, అంటే ర్యామ్‌ని డబ్బా మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్, తీసేయండి. దీన్ని ఆసుస్ బోర్డుల్లో డీఓసీపీ అంటారు, ఎమ్‌ఎస్‌ఐలో ఏ-ఎక్స్‌ఎమ్‌పీ అంటారు, పని మాత్రం ఒకటే. డబ్బా మీద 3600 అని రాసి ఉన్నా, 5600 ప్రాసెసర్‌కి ఏఎమ్‌డీ అధికారికంగా హామీ ఇచ్చేది 3200 వరకే. అంటే 3600 ప్రొఫైల్ వేయడం ఓవర్‌క్లాకింగే. చాలా పీసీల్లో నడుస్తుంది, కొన్నిటిలో నడవదు. నడవకపోతే ఎవరిదీ తప్పు కాదు, వారంటీ కూడా వర్తించకపోవచ్చు. బయోస్‌లో లోడ్ ఆప్టిమైజ్డ్ డీఫాల్ట్స్ కొట్టి, ఎఫ్10తో సేవ్ చేయండి. ర్యామ్ వేగం 2133, 2400, 2666లలో ఏదో ఒకటి, వోల్టేజీ 1.2 చూపించాలి. డీఫాల్ట్స్ వేశాక సీఎస్‌ఎమ్ (పాత పద్ధతి బూట్) ఆఫ్‌లో, ఎఫ్‌టీపీఎమ్ (విండోస్ 11 అడిగే సెక్యూరిటీ ఫీచర్) ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ఈ పీసీలో విండోస్ 11 నడవదని సెటప్ మొదట్లోనే ఆపేస్తుంది, మీరు దాన్ని ఇంకో కొత్త సమస్య అనుకుంటారు.

తర్వాత ఒకే స్టిక్‌తో నడపండి. నాలుగు స్లాట్ల బోర్డు అయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, ఏ2 అని రాసి ఉంటుంది, ఒక్క స్టిక్ అందులోనే పెట్టాలి. రెండూ పెట్టేటప్పుడు రెండోది, నాలుగోది. ఒకటో, మూడో స్లాట్లలో పెడితే పీసీ ఆన్ అవుతుంది కానీ పైవేగాల దగ్గర తేడా చేస్తుంది, కొత్తగా అసెంబుల్ చేసేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. స్టిక్ పెట్టేటప్పుడు రెండు చివర్లా గట్టిగా నొక్కాలి. కొన్ని బోర్డుల్లో క్లిప్ ఒక పక్కే ఉంటుంది, క్లిప్ లేని పక్క అర మిల్లీమీటరు లేచి ఉన్నా కంటికి తెలియదు. బంగారు రంగు అంచు స్లాట్‌లోంచి సన్నటి గీతలా కనిపిస్తుంటే పూర్తిగా దిగలేదన్నమాట.

ఇప్పుడు విండోస్ జోలికి వెళ్లకుండా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్ నడపండి. ఉచితం, చిన్న ఐఎస్‌ఓ, బూటబుల్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ ప్రోగ్రామ్‌తో ఇంకో పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు. 6వ వెర్షన్ నుంచి యూఈఎఫ్‌ఐ (కొత్త తరహా బయోస్)లో నేరుగా బూట్ అవుతుంది, అవ్వకపోతే బయోస్‌లో సెక్యూర్ బూట్ కాసేపు ఆపండి. ఒక స్టిక్‌తో కనీసం రెండు పాస్‌లు (పరీక్షలన్నీ ఒక చుట్టు పూర్తయితే ఒక పాస్) పూర్తవ్వాలి, వీలైతే రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్ ఫెయిలే, ఒక్కటే కదా అని సర్దుకోవద్దు. తర్వాత అదే ఏ2 స్లాట్‌లో రెండో స్టిక్ పెట్టి మళ్లీ నడపండి.

ఏ2లో ఒక స్టిక్ పాసై ఇంకోటి ఫెయిలైతే దోషి దొరికినట్టే. రెండూ విడివిడిగా పాసై, జతగా పెట్టినప్పుడే ఎర్రర్లు వస్తుంటే ఒక మంచి స్టిక్‌ని నాలుగో స్లాట్, అంటే బీ2లో ఒంటరిగా పెట్టి చూడండి. అక్కడ ఫెయిలైతే తప్పు స్లాట్‌దో ప్రాసెసర్ పిన్నులదో. ఏఎమ్4 ప్రాసెసర్‌కి పిన్నులు కింద ఉంటాయి, ఒకటి రెండు వంగితే ఒక మెమరీ ఛానల్ మొత్తం దెబ్బతినొచ్చు. చూడాలంటే కూలర్ తీయాలి. చల్లగా ఉన్నప్పుడు నిటారుగా పైకి లాగకండి. థర్మల్ పేస్ట్ పట్టుకుని, సాకెట్ లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ కూలర్‌తో పాటే ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగేది అప్పుడే. పది నిమిషాలు నడిపి వేడెక్కాక ఆఫ్ చేసి, స్క్రూలు తీసి, కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ వదులు చేసి తీయండి.

ర్యామ్ నిర్దోషి అని తేలితే పెన్‌డ్రైవ్ పెట్టిన పోర్టు సంగతి. మీ బోర్డుకి ఇది ప్రత్యేకంగా వర్తిస్తుంది. 500 సిరీస్ చిప్‌సెట్లలో యూఎస్‌బీ ఉన్నట్టుండి తెగిపోయే సమస్య ఉందని 2021లో ఏఎమ్‌డీయే ఒప్పుకుని, ఏజీసా (బయోస్‌లో ఏఎమ్‌డీ అందించే భాగం) 1.2.0.2తో సరిచేసింది. బోర్డు పాత స్టాకైతే బయోస్ దానికి ముందుది అయ్యుండొచ్చు. పెన్‌డ్రైవ్ క్యాబినెట్ ముందు పోర్టులో కాకుండా వెనక, బోర్డు మీదే ఉన్న నల్లటి యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టండి. బయోస్ అప్‌డేట్ కూడా చేయండి, అయితే మెమ్‌టెస్ట్ పాసైన ఒక్క స్టిక్‌తో, ఎక్స్‌ఎమ్‌పీ ఆఫ్‌లో, యూపీఎస్ మీద మాత్రమే. ర్యామ్ నమ్మకంగా లేనప్పుడు బయోస్ ఫ్లాష్ చేయడం కొరివితో తల గోక్కోవడమే.

కరెంటు వైపు చూడాల్సింది ఎక్కువ లేదు. ప్రాసెసర్ దగ్గర 8 పిన్ల ప్లగ్ పూర్తిగా దిగిందా, 24 పిన్ల ప్లగ్ లాక్ పడిందా, గ్రాఫిక్స్ కార్డుకి కేబుల్ ఉందా. బయోస్ హార్డ్‌వేర్ మానిటర్‌లో 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. ఎస్‌ఎమ్‌పీఎస్ క్యాబినెట్‌తో పాటు వచ్చిందైతే దాని మీద రాసిన వాట్లను నమ్మొద్దు, ఎవరి దగ్గరైనా మంచిది అడిగి తెచ్చి పెట్టి చూడండి. మాడ్యులర్ రకమైతే దాని కేబుళ్లు దానికే వాడాలి. ప్లగ్ ఒకేలా ఉన్నా లోపల వైర్ల వరుస కంపెనీకో రకంగా ఉంటుంది, కలిపేస్తే డిస్క్‌లు కాలిపోవచ్చు.

వేడిని నేను పెద్దగా అనుమానించను. ప్రాసెసర్ వేడెక్కితే ముందు నెమ్మదిస్తుంది, ఆ తర్వాత పీసీ ఆఫ్ అవుతుంది, ఇలా బిగుసుకుపోవడం తక్కువ. అయినా బయోస్‌లో పది నిమిషాలు టెంపరేచర్ గమనించండి. 80 దాటి పైపైకి పోతుంటే కూలర్ కింద ప్లాస్టిక్ పొర తీయడం మర్చిపోయారేమో చూడండి, నవ్వొచ్చినా చాలాసార్లు జరిగేదే.

ఇక ఎస్‌ఎస్‌డీ. బయోస్‌లో ఒకసారి కనిపించి ఒకసారి కనిపించకపోతే, లేదా హ్యాంగ్ అయినప్పుడు క్యాప్స్ లాక్ లైటు పనిచేస్తుంటే అప్పుడు దాన్ని పట్టుకోండి. తీసి, కొంచెం ఏటవాలుగా మళ్లీ దించి, స్క్రూ బిగించి, రెండో ఎమ్.2 స్లాట్ ఉంటే అందులో చూడండి. సగం సగం ఇన్‌స్టాళ్లతో పార్టిషన్లు చెల్లాచెదురై ఉంటాయి కాబట్టి సెటప్‌లో షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి, వచ్చిన కమాండ్ విండోలో డిస్క్‌పార్ట్ తెరిచి, లిస్ట్ డిస్క్‌లో సైజు చూసి మీ 500 జీబీదే సెలెక్ట్ చేసి క్లీన్ కొట్టండి. క్లీన్ అంటే మొత్తం పోతుంది, పాత హార్డ్ డిస్క్ ఏదైనా తగిలించి ఉంటే ముందే పీకేయండి.

రీస్టార్ట్ అయ్యాక చుక్కల దగ్గర ఆగడం కాస్త వేరు. ఆ దశలో విండోస్ డివైజులకు డ్రైవర్లు వేస్తుంది. వైఫై డాంగిల్, ఆర్‌జీబీ హబ్, ల్యాన్ కేబుల్ అన్నీ తీసేయండి, కీబోర్డు, మౌస్ మాత్రమే ఉంచండి. 5600లో లోపల గ్రాఫిక్స్ లేదు కనుక కార్డు తీయలేరు. కార్డుని రైజర్ కేబుల్‌తో (స్లాట్‌కి పొడిగింపు కేబుల్) పెట్టి ఉంటే మాత్రం నేరుగా బోర్డులో పెట్టండి, లేదా బయోస్‌లో ఆ స్లాట్ వేగాన్ని జెన్ 3కి తగ్గించండి.

పాత ర్యామ్ సెట్టింగ్‌తో ఎలాగోలా చివరిదాకా వెళ్లిన విండోస్ ఉంటే దాన్ని ఉంచుకోవద్దు. లోపల ఏ ఫైలు పాడైందో తెలియదు, రెండు నెలలకి బ్లూ స్క్రీన్లు మొదలవ్వొచ్చు. అంతా తేలాక శుభ్రంగా మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, చిప్‌సెట్ డ్రైవర్ వేసి, ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేసి వేగాన్ని మాత్రం 3200కి తగ్గించి మెమ్‌టెస్ట్ నడపండి. అది పాసైతే 3600. 3600 దగ్గర ఎర్రర్ వస్తే 3200లోనే ఉండిపోండి, గేముల్లో తేడా కనిపెట్టడం కష్టం. స్టిక్ ఫెయిలైందని తేలితే మెమ్‌టెస్ట్ స్క్రీన్‌ని ఎర్ర వరుసలు కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోండి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా, డీఫాల్ట్ వేగంలోనే ఎర్రర్ వచ్చిందని ఆ ఫొటోతో చూపిస్తే వాదన ఉండదు. ఒకే ప్యాక్‌లో కొన్న జత అయితే రెండు స్టిక్‌లూ కలిపే తిరిగి ఇవ్వండి.