నమూనా ముందా, ఆలోచన ముందా?

ప్రశ్న: ఇంజినీరింగ్ విద్యార్థులకు డిజైన్ బోధిస్తున్నాను. సులువుగా అర్థం కావాలని మొదటే ఒక నమూనా చూపిస్తే, తరగతి మొత్తం దాన్నే కాస్త అటూ ఇటూ మార్చి తెస్తున్నారు. లోపం నా బోధనలో ఉందా?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: లోపం మీ శ్రద్ధలో లేదండీ, నమూనా చూపే సమయంలో ఉంది. పరిశోధకులు డేవిడ్ జాన్సన్, స్టీవెన్ స్మిత్ 1991లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి, ఒలకని కాఫీ కప్పును రూపొందించడం. స్ట్రా గానీ, నోట పెట్టుకునే మూతి (మౌత్‌పీస్) గానీ వాడకూడదని స్పష్టంగా చెప్పి కూడా, ఆ రెండూ ఉన్న బొమ్మను కొందరికి చూపగా, బొమ్మ చూడనివారి కన్నా వీరి కప్పుల్లోనే ఆ నిషిద్ధ భాగాలు ఎక్కువగా కనిపించాయి. తప్పని తెలిసినా కంటికి ఆనినది చేతిని వదలదన్న మాట.

కాబట్టి ముందుగా ప్రతి విద్యార్థి చేత ఒంటరిగా నాలుగైదు ఊహలు గీయించి, ఆ తరువాతే ఒకదానికొకటి పోలికలేని రెండు మూడు నమూనాలు చూపండి. అంతకన్నా ముఖ్యమైనది, నా దృష్టిలో, మీరు ఆలోచించే తీరు వారికి కనబడటం. సిద్ధమైన పరిష్కారం కాకుండా, మీకూ కొత్తదైన సమస్యను బోర్డు మీద మొదలుపెట్టి, ఒక మడతబందు గీసి, "బరువంతా ఈ మేకు మీదే పడుతోంది, ఇది నిలవదు" అని పైకే అంటూ కొట్టివేసి, మళ్లీ గీయండి. గురువు చెరిపివేత చూసిన విద్యార్థికి తన చెరిపివేత అవమానంగా తోచదు.

మార్కుల్లో కొంత భాగం, వదులుకున్న ఊహలకు రాసిన కారణాలకు కేటాయించండి.