కరోనా సమయంలో అమెరికన్లు తుపాకుల కోసం ఎందుకు ఎగబడ్డారు? అక్కడున్న మనవాళ్లకి అది ఎలా కనిపించింది? వీసా మీద ఉన్నవాళ్లు కూడా కొనుక్కోవచ్చా?

వాళ్లకి పిచ్చి అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అందరూ మెచ్చుకుంటారు. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో 2020 మార్చిలో జరిగింది అదే. తుపాకుల షాపు ముందు క్యూ ఫోటో పెట్టి, "రోగం వస్తే మందులు కొనాలి గానీ ఇదేం చోద్యం" అని మా బాబాయి తెగ నవ్వాడు. మే 4న ఆంధ్రలో మద్యం షాపులు తెరిస్తే, రేట్లు 25 శాతం పెంచారని తెలిసీ ఎండలో నిలబడ్డవాళ్లలో ఆయనా ఉన్నాడు. మర్నాడు ఇంకో 50 పెంచి మొత్తం 75 చేశారు. అయినా వెళ్లాడు. కాబట్టి ఎవరి అత్యవసర సరుకులు వాళ్లవి.

నేను ఆ ఏడాదంతా మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో ఉన్నాను. ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ చుట్టుపక్కల కార్ల కంపెనీలకి పనిచేసే తెలుగువాళ్లు బోలెడుమంది. అందుకే ఈ విషయంలో టీవీ చూసి మాట్లాడేవాళ్ల కన్నా నాకు కాస్త ఎక్కువ తెలుసనే అనుకుంటున్నాను. అమెరికన్ ప్రభుత్వాన్ని నమ్మడు, అందుకే తుపాకీ కొంటాడు అని అందరూ చెబుతారు, వాళ్లూ అదే చెప్పుకుంటారు. ఆ మార్చిలో నాకు కనిపించింది మాత్రం వేరు. వాళ్లు భయపడింది పక్కింటివాడికి.

అది మార్చి మూడో వారం. ఇంట్లోనే ఉండమన్న గవర్నర్ ఆర్డర్ 24 నుంచి అమల్లోకి వచ్చింది, దానికి కొద్ది రోజుల ముందు సంగతి. హోటళ్లలో కూర్చుని తినడం అప్పటికే ఆపేశారు. మా టీమ్‌లో ఒకాయన ఉన్నాడు, కడప జిల్లా, నాకంటే బాగా పెద్ద, అందరం అన్నా అనే పిలుస్తాం. గ్రీన్‌కార్డ్ ఉంది. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేసి "ఇండియన్ స్టోర్‌కి పోతాండా, వస్తావా" అన్నాడు. నాకూ బియ్యం కావాలి, వెళ్లాను. సోనామసూరి మనిషికి ఒక్క బస్తానే అని చేత్తో రాసి అంటించారు, ధర మాత్రం ఎక్కడా రాయలేదు. బిల్లు దగ్గర చూస్తే కళ్లు తిరిగాయి. మనవాళ్లు మనవాళ్లనే దోచుకున్న ఆ వారం గురించి మొదలుపెడితే ఈ జవాబు పూర్తికాదు, వదిలేస్తున్నాను. కందిపప్పు అయితే లేనే లేదు.

బియ్యం డిక్కీలో వేశాక కారు ఇంటివైపు తిరగలేదు. "ఇంగొక షాపు ఉంది, అయిదు నిమిషాలు" అన్నాడు.

ఆ షాపు ముందు పార్కింగ్‌లో ఆరడుగులకొక చోట నేలమీద టేపు ముక్కలు అంటించి ఉన్నాయి. మాస్కు అక్కర్లేదని అప్పటికింకా అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీయే చెబుతోంది, ఏప్రిల్ 3న గానీ మాట మార్చలేదు. కాబట్టి ఎవరికీ మాస్కు లేదు, ఒక్క చైనీస్ జంటకి తప్ప. వాళ్లకి ముందూ వెనకా మాత్రం టేపు లెక్క కాకుండా ఇంకో నాలుగడుగులు ఖాళీ వదిలారు జనం. వేట బట్టలు వేసుకున్న గడ్డాలవాళ్లు ఉంటారనుకున్నాను. ఒకరిద్దరే ఉన్నారు. ఆసుపత్రి యూనిఫాంలో ఒక నర్సు, వయసుమళ్లిన తల్లిని కార్లో కూర్చోబెట్టి వచ్చిన ఒక నల్లజాతి ఆయన, కాలేజీ కుర్రాళ్లు. చాలామందికి అదే మొదటిసారి, ఏం అడగాలో కూడా తెలియదు. ఆ చైనీస్ ఆయన నాతో మాట కలిపాడు. కిరాణా షాపులో ఒకడు కావాలని తన భార్య మొహం మీదే దగ్గి నవ్వుతూ వెళ్లిపోయాడట. "వైరస్‌కి కాదు, ఆ నవ్వుకి" అన్నాడు, ఎందుకు వచ్చారని నేను అడగకుండానే.

లోపల గోడ మీద తుపాకులు పెట్టే మేకులు సగం ఖాళీ. పిస్టల్ కొనాలంటే మిషిగన్‌లో ముందు పోలీసుల దగ్గర పర్మిట్ తీసుకోవాలి, ఆ కౌంటర్లు చాలాచోట్ల కరోనాకి మూసేశారు. పొడవు తుపాకీకి అప్పట్లో ఆ బాదరబందీ లేదు. అందుకని అన్న షాట్‌గన్ అడిగాడు. వాళ్లు ఫారం 4473 ఇచ్చారు, షాపులో తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన కేంద్ర ప్రభుత్వ ఫారం అది. పెన్ను ఇచ్చే ముందు శానిటైజర్ కాగితంతో తుడిచి మరీ ఇచ్చారు, అంత జాగ్రత్త. పరారీలో ఉన్నారా, ఇంట్లో వాళ్లని కొట్టిన కేసుందా, గంజాయి వాడతారా అని ప్రశ్నలు. మిషిగన్ ఓటర్లు 2018లోనే గంజాయిని చట్టబద్ధం చేసేశారు, ఈ ఫారం మాత్రం మీ రాష్ట్రం ఒప్పుకున్నా కేంద్రం ఒప్పుకోదని హెచ్చరిస్తుంది. "పరారీలో ఉండానని ఎవడన్నా టిక్కు పెడ్తాడా?" అని అన్న గట్టిగానే అన్నాడు, తెలుగులో కాబట్టి సరిపోయింది. అంతా నింపాక ఎఫ్‌బీఐ చెకింగ్‌కి పంపితే "డిలేడ్" అని వచ్చింది. మూడు పనిదినాల్లో ఎఫ్‌బీఐ ఏ సంగతీ తేల్చకపోతే షాపువాడు అమ్మేయొచ్చు, చట్టం అంతే. తూటాలు మనిషికి ఒక్క పెట్టె. బియ్యం బస్తా రూలే.

ఆ నెలలో ఎఫ్‌బీఐకి అలాంటి చెకింగులు 37 లక్షలు వెళ్లాయి, అప్పటికి అదే రికార్డు. మిన్నియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి ఆయన పోలీసు చేతిలో చనిపోయాక జూన్‌లో 39 లక్షలు దాటాయి. ఏడాది మొత్తానికి 3 కోట్ల 97 లక్షలు. ప్రతి చెకింగూ ఒక అమ్మకం కాదు, పర్మిట్ల కోసం చేసేవీ అందులో ఉంటాయి. అయినా అంతకుముందు ఏడాది 2 కోట్ల 84 లక్షలే.

తిరిగి వస్తుంటే అడిగాను, ఇప్పుడు ఇది ఎవరి మీదికన్నా అని.

"సరుకులైపోతే ఎవరన్నా ఇంటిమీదికొస్తే?"

"ఎవరొస్తారు?"

"మా కాలనీలో వాళ్లే. అందరూ కొంటాండారు గదా."

తర్వాత కాసేపాగి వాళ్ల నాయన సంగతి ఎత్తాడు. ఆయనకి లైసెన్సున్న సింగిల్ బ్యారెల్ ఉండేదట. ఎన్నికలు వచ్చాయంటే స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు, ఓట్ల లెక్కింపు అయ్యాక మళ్లీ తెచ్చుకునేవాడు. "మా ఊర్లో ఎవరితో భయమో పేరుతో సహా తెల్సు. వాళ్ల తాత పేరు కూడా తెల్సు. ఈడ ఎవరో తెలీకనే భయం" అన్నాడు. ఫ్యాక్షన్ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి ఆ మాట అన్నాక నాకు ఇంకెవరి విశ్లేషణా అక్కర్లేకపోయింది. అన్నని తప్పుపట్టను కూడా. 2017 ఫిబ్రవరిలో క్యాన్సస్‌లోని ఒలేతాలో బార్‌లో కూర్చున్న మన తెలుగు ఇంజనీర్ని "నా దేశం నుంచి పొండి" అంటూ ఒకడు కాల్చి చంపాడు. ఆ తర్వాత ఇక్కడ మన ఇళ్లలో ఆ భయం ఎన్నడూ పూర్తిగా పోలేదు. వదిన మాత్రం బియ్యం దింపించుకుంది, తర్వాతి వారం వచ్చిన తుపాకీని ఇంట్లో అడుగుపెట్టనివ్వలేదు. గరాజ్‌లో సూట్‌కేసుల మీద పెట్టి తాళం వేయించింది.

ఇక రాజకీయం. మిషిగన్‌ని ట్రంప్ 2016లో 11 వేల ఓట్లు కూడా తేడా లేకుండా గెలిచాడు, అందుకే 2020లో ఇక్కడ తుమ్మినా దగ్గినా రాజకీయమే. అప్పటి గవర్నర్ గ్రెచెన్ విట్మర్ డెమోక్రాట్, అంటే ట్రంప్‌కి ఎదుటి పార్టీ. ఏప్రిల్‌లో ఆమె ఆర్డర్ పొడిగిస్తూ పెద్ద షాపుల్లో పెయింట్లు, తోట సామాను అమ్మే భాగాలు మూసేయమంది. తెడ్డు పడవ నడుపుకోవచ్చు, మోటారు పడవ కూడదంది. ఇది నాకూ తిక్కగానే అనిపించింది. నీళ్ల మధ్యలో ఒక్కడే కూర్చుని చేపలు పట్టేవాడికి మోటారు నుంచి కరోనా వస్తుందా? ఏప్రిల్ 15న రాజధాని లాన్సింగ్‌లో వేల కార్లు చట్టసభ చుట్టూ రోడ్లన్నీ దిగ్బంధం చేసి హారన్లు కొట్టాయి. 17న "మిషిగన్‌ని విముక్తం చేయండి" అని ట్రంప్ ట్వీట్. ఒక దేశాధ్యక్షుడు, తన దేశంలోనే ఒక రాష్ట్రం గురించి!

ఏప్రిల్ 30న కొందరు రైఫిళ్లు తగిలించుకుని చట్టసభ భవనంలోకే వచ్చేశారు. గుమ్మం దగ్గర పోలీసులు వాళ్లకి జ్వరం ఉందో లేదో చూసి లోపలికి పంపారు. పైన గ్యాలరీలో తుపాకులతో మనుషులు, కింద సెనేటర్లలో కొందరు బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు వేసుకుని కూర్చున్నారు. ఆ భవనంలోకి ప్లకార్డులు తీసుకురావడం అప్పట్లో నిషేధం, తుపాకీకి మాత్రం నిషేధం లేదు. అట్టముక్క మీద రాసిన నినాదం ప్రమాదం, రైఫిల్ కాదు! మా అమ్మ ఫోన్ చేసి "మీ ఊరి అసెంబ్లీలోకి తుపాకులతో పోయారంట కదరా, ఒక్కరోజైనా మన దగ్గర ఇట్లా జరుగుతుందా" అంది.

జరగదు, నిజమే. కానీ మన దగ్గర జరిగింది ఏమిటి? మార్చి 24న అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్, జనం మాట వినకపోతే 24 గంటల కర్ఫ్యూ పెడతాం, కనిపిస్తే కాల్చివేత ఉత్తర్వులు కూడా ఇవ్వాల్సి వస్తుంది అని ప్రెస్‌మీట్‌లో హెచ్చరించారు. మా గ్రూపులో దానికి చప్పట్ల బొమ్మలు. పాలకోసం బయటికొచ్చిన వాడి పిక్కల మీద లాఠీ దెబ్బలు పడే వీడియోలకి నవ్వుల బొమ్మలు. ఒకచోట లాక్‌డౌన్ వద్దని తుపాకీతో సర్కారు ముందు నిలబడ్డారు, ఇంకోచోట లాక్‌డౌన్ కోసం సర్కారే కాలుస్తానంటే భేష్ అన్నారు. లాన్సింగ్ మూకని చూసి నవ్వే హక్కు మనకి పూర్తిగా ఉందని నేను ఒప్పుకోను. ఇలా అన్నందుకు బాబాయి నన్ను గ్రూపులోంచి తీసేశాడు, ప్రశాంతంగా ఉంది.

ఆ మూకని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. అక్టోబర్ 8న గవర్నర్‌ని కిడ్నాప్ చేసే కుట్ర అని 13 మందిని అరెస్టు చేసినట్టు ప్రకటించారు. లాన్సింగ్ చట్టసభలో బహిరంగంగా తుపాకీ పట్టుకు తిరగడాన్ని ఆపింది 2021 జనవరి 11న, అదీ జనవరి 6న వాషింగ్టన్‌లో ట్రంప్ అభిమానులు కేంద్ర చట్టసభ భవనంలోకి చొరబడి అంత గొడవ చేశాక. కరోనా పోయింది, కొన్న తుపాకులు ఇళ్లలోనే ఉన్నాయి. 2020లో అమెరికాలో తుపాకీతో పోయిన ప్రాణాలు 45,222. అందులో సగానికి పైన ఆత్మహత్యలే, అంటే ఇంటిమీదికి వచ్చినవాడెవడూ లేడు. 2021 నవంబర్ 30న మా కౌంటీలోనే ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 15 ఏళ్ల కుర్రాడు నలుగురు పిల్లల్ని చంపాడు, తల్లిదండ్రులు కొనిచ్చిన పిస్టల్‌తో. 2024లో వాళ్లిద్దరికీ శిక్ష పడింది. ఆ స్కూలు పేరు టీవీలో వచ్చిన రాత్రి వదిన గరాజ్ తాళంచెవి తన పర్సులో వేసుకుందట, ఇప్పటికీ అన్నకి ఇవ్వలేదు.

చివరి ప్రశ్నకి సూటిగా చెబుతాను. గ్రీన్‌కార్డ్ ఉంటే కొనొచ్చు. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉంటే మామూలుగా కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు, ఫారంలో అబద్ధం రాస్తే జైలు. కానీ చట్టంలో ఒక సందు ఉంది: చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉంటే కొనుక్కోవచ్చు. మిషిగన్‌లో దానికి సాధారణంగా హంటర్ సేఫ్టీ క్లాసు చేయాలి. 2020లో మా తెలుగు గ్రూపులో దీని మీద వారం రోజులు చర్చ నడిచింది, గుడ్డు కూడా ముట్టనివాళ్లు జింకల సీజన్ ఎప్పుడని అడిగారు. నన్నూ క్లాసులో చేరమన్నారు. మా ఆవిడ ఆ డబ్బుతో డీప్ ఫ్రీజర్ కొనిపించింది.