ముందు ఫైళ్లు బయటకు తీయండి, మరమ్మతు ఆ తర్వాత

లాప్‌టాప్ ఆన్ చేస్తే తయారీ సంస్థ గుర్తు కనబడుతోంది, కింద చుక్కలు తిరుగుతున్నాయి, కాసేపటికి నీలం తెర మీద "ఆటోమేటిక్ రిపేర్" అని వచ్చి మళ్లీ మొదటికే పోతోంది. చూసినవారు ఫార్మాట్ చేయక తప్పదన్నారు. అందులో ఐదేళ్ల ఫోటోలు, సగం రాసిన పరిశోధన వ్యాసం ఉన్నాయి. అవి పోకుండా బాగుచేసే దారి ఉందా అని మీరు అడిగారు. ఉంది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే మీ ఫైళ్లు డిస్కులో క్షేమంగా ఉండే అవకాశమే ఎక్కువ. ఫార్మాట్‌కు మాత్రం ఇప్పుడే ఒప్పుకోకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట నా డెస్క్‌టాప్ కంప్యూటర్ కూడా ఒక ఉదయం ఇలాగే మొరాయించింది. మరమ్మతుకు ఇచ్చాను. సాయంత్రానికి చక్కగా పనిచేస్తూ తిరిగి వచ్చింది. వేగం కూడా పెరిగింది. కానీ డాక్యుమెంట్స్ ఫోల్డరు ఖాళీ. మా నానమ్మ చెబుతుంటే రెండేళ్లపాటు రికార్డు చేసిన కథలు, 140కి పైగా ఆడియో ఫైళ్లు, అందులో ఉండేవి. ఆమె అప్పటికే మా మధ్య లేరు. బాగుచేసినాయనను తప్పుపట్టలేను. కంప్యూటర్ నడిచేలా చేయమని మాత్రమే నేను అడిగాను, ఆయన అదే చేశారు. పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్‌తో వారం రోజులు కూర్చుంటే 30 దాకా దొరికాయి. వాటికి పేర్లు లేవు, సగం మధ్యలోనే తెగిపోయాయి. మిగతావి ఉన్న చోట కొత్త విండోస్ వచ్చి కూర్చుంది.

కంప్యూటర్‌ను నడిపించడం ఒక పని, ఫైళ్లను కాపాడడం ఇంకో పని. రెండోది ముందు జరగాలి. విండోస్ లేవకపోవడానికి ఒక్క చిన్న ఫైలు చెడినా చాలు, దానికీ మీ ఫోటోలకూ సంబంధం ఉండదు. 2024 జులై 19న జరిగింది గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర దగ్గర ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. విమానాలు నిలిచిపోయాయి, ఆసుపత్రుల పనులు ఆగాయి. అయినా చాలా యంత్రాలకు చేసిన చికిత్స, అత్యవసర భాగాలతో మాత్రమే విండోస్ నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలును తొలగించడమే. డిస్కుల్లోని ఫైళ్లకూ ఆ లోపానికీ సంబంధం లేదు.

మీ సమస్య ఏ దశలో ఉందో ముందు తేల్చుకోవాలి. బటన్ నొక్కినా దీపం వెలగకపోతే ఛార్జరో, బ్యాటరీయో, మదర్‌బోర్డో అనుమానించాలి, డిస్కు జోలికి పోనక్కర లేదు. ఫ్యాన్ తిరుగుతూ తెర నల్లగానే ఉంటే, లేదా బీప్ శబ్దాలు వస్తుంటే, చాలాసార్లు ర్యామ్ సరిగ్గా కూర్చోకపోవడమే కారణం. కరెంటు తీసేసి, ర్యామ్ పలకను బయటకు లాగి మళ్లీ బిగిస్తే సరిపోయిన సందర్భాలు నేనే మూడు చూశాను. మీకు కంపెనీ గుర్తు వస్తోంది, రిపేర్ తెర కూడా వస్తోంది కాబట్టి ఈ రెండూ కాకపోవచ్చు. ఒకసారి బయోస్ తెర, అంటే విండోస్ కన్నా ముందే నడిచే సెట్టింగుల తెర, తెరిచి డిస్కు పేరు కనబడుతోందో లేదో చూడండి. కనబడితే మంచి సూచన. తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తుంటే లోపలి చిన్న గుండ్రటి బ్యాటరీ అయిపోయి, బయోస్ సెట్టింగులు చెరిగిపోయి ఉండవచ్చు. డిస్కును చదివే పద్ధతి ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో, రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకో మారిపోయినా విండోస్ లేవదు. దాన్ని తిరిగి ముందున్నట్టు పెడితే చాలు.

ఇంకేమీ ముట్టుకోకముందే డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ సంగతి చూడాలి. ఇటీవలి లాప్‌టాప్‌లలో యజమానికి తెలియకుండానే డిస్కు మొత్తం గూఢలిపిలోకి మారి ఉంటుంది. అలాంటప్పుడు ఫైళ్లు బయటకు రావాలంటే 48 అంకెల రికవరీ తాళం కావాలి. విండోస్‌లోకి మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించే అలవాటు ఉంటే, ఫోను నుంచే ఆ ఖాతాలోకి వెళ్లి చూడండి. తాళం సాధారణంగా అక్కడే భద్రంగా ఉంటుంది. ఆఫీసో, కాలేజీయో ఇచ్చిన లాప్‌టాప్ అయితే వాళ్ల ఐటీ విభాగాన్ని అడగాలి. తాళం చేతికి వచ్చేదాకా బయోస్ అప్‌డేట్ చేయడం, తాళాలను దాచే టీపీఎం చిప్పును క్లియర్ చేయడం, మదర్‌బోర్డు మార్పించడం వంటివి తలపెట్టవద్దు. ఖాతా తెరిచిన చేత్తోనే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్ కూడా చూడండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు మీకు తెలియకుండానే అక్కడికి చేరుతూ ఉండవచ్చు. మీ వ్యాసం అక్కడే కనబడితే సగం భారం దిగిపోతుంది.

ఇక బయటకు తీయడం. మీకు రిపేర్ తెర వస్తోంది కాబట్టి అన్నిటికన్నా తేలిక దారి అందులోనే ఉంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ట్రబుల్‌షూట్, మళ్లీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్. ఆ నల్ల కిటికీలో నోట్‌ప్యాడ్ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ నొక్కండి. నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. అందులో ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, కింద ఫైళ్ల రకం దగ్గర ఆల్ ఫైల్స్ ఎంచుకుంటే మీ డిస్కులన్నీ కనబడతాయి. ఫోల్డరు మీద కుడి బటన్ నొక్కి కాపీ చేసి, బయటి డిస్కులోకి వెళ్లి పేస్ట్ చేయవచ్చు. సీ డ్రైవ్ అక్కడ డీ గానో, ఈ గానో కనిపించవచ్చు, కంగారుపడవద్దు. యూజర్స్ ఫోల్డరు ఎందులో ఉందో అదే మీది. కాపీ జరుగుతున్నంతసేపూ కిటికీ బిగుసుకుపోయినట్టు ఉండవచ్చు. ఓపిక పట్టండి, మూసేయకండి.

అది కుదరకపోతే లినక్స్ పెన్ డ్రైవ్. లినక్స్ అంటే విండోస్‌కు బదులుగా కంప్యూటర్‌ను నడిపే ఉచిత వ్యవస్థ. నేను ఎక్కువగా నమ్మేది దీన్నే. ఇంకో కంప్యూటర్‌లో దాని రకాలైన ఉబుంటునో, లినక్స్ మింట్‌నో దించుకుని కనీసం 8 జీబీ పెన్ డ్రైవ్ మీద ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు ఆ పెన్ డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది వాడండి. ఫైళ్లు పెట్టుకోవడానికి వేరే బయటి డిస్కు ఉండాలి. లాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ తెరిచే మీట నొక్కితే, అది తయారీ సంస్థను బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ ఇలా మారుతుంది, పెన్ డ్రైవ్‌ను ఎంచుకోవచ్చు. తర్వాత తెర మీద "ట్రై" అనీ "ఇన్‌స్టాల్" అనీ రెండు దారులు వస్తే తప్పకుండా "ట్రై" వైపే వెళ్లండి. రెండోది మీ డిస్కును చెరిపేయగలదు. విండోస్ సరిగ్గా మూతపడలేదని చెప్పి లినక్స్ ఆ డిస్కును చదవడానికి మాత్రమే తెరిచినా మనకు మంచిదే, చదవడమే మనకు కావాలి. బిట్‌లాకర్ ఉంటే ఇక్కడా తాళం అడుగుతుంది.

మూడో దారి, డిస్కునే విప్పి యూఎస్‌బీ అడాప్టర్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలించడం. మదర్‌బోర్డు చెడినప్పుడు ఇదే మిగిలే మార్గం. లాప్‌టాప్‌లలో ఉండే 2.5 అంగుళాల డిస్కుకు యూఎస్‌బీ కరెంటు సరిపోతుంది, డెస్క్‌టాప్‌లోని 3.5 అంగుళాల దానికి విడిగా కరెంటు ఇచ్చే అడాప్టర్ కావాలి. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే భాగాలు లేని, చిప్పులతో చేసిన డిస్కు. చిన్న పలకలా ఉండే ఎం.2 ఎస్‌ఎస్‌డీలలో శాటా రకం, ఎన్‌వీఎంఈ రకం వేర్వేరు, పెట్టె కొనేముందు మీది ఏదో చూసుకోండి. కొన్ని పల్చటి లాప్‌టాప్‌లలో నిల్వ చిప్పును మదర్‌బోర్డుకే అతికించేస్తారు, వాటిలో విప్పడానికి ఏమీ ఉండదు.

డిస్కే చావుబతుకుల్లో ఉంటే మాత్రం సంగతి పూర్తిగా వేరు. మా అక్క లాప్‌టాప్‌తో నాకు ఎదురైంది అదే. 500 జీబీ హార్డ్ డిస్కు. లినక్స్‌లో ఫోల్డర్లన్నీ కనబడ్డాయి, నాకు ప్రాణం లేచి వచ్చింది. యూజర్స్ ఫోల్డరు మొత్తాన్ని ఒకేసారి కాపీకి పెట్టాను. అది తప్పు. పది నిమిషాలు బాగానే నడిచి, డౌన్‌లోడ్స్‌లో పడి ఉన్న ఏదో పెద్ద సినిమా ఫైలు దగ్గర నిలిచిపోయింది. డిస్కులోంచి సన్నగా టిక్ టిక్ అని వినబడసాగింది. ఆపేసి, చల్లారనిచ్చి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు అక్క సిద్ధాంత వ్యాసం ఒక్కటే ముందు తీశాను. మూడు ఎంబీ కూడా లేదు, క్షణంలో వచ్చింది. తర్వాత ఆమె సేకరించిన ఇంటర్వ్యూల రాతలు, తర్వాత ఫోటోలు. ఫోటోలు మూడొంతులు వచ్చాక డిస్కు ఇక కనబడలేదు. ఆ సినిమా కోసం ఇంకో గంట పోరాడి ఉంటే వ్యాసం కూడా దానితోపాటే పోయేది. అందుకే కాపీ మొదలుపెట్టే ముందు కాగితం మీద వరుస రాసుకోండి. మళ్లీ సృష్టించలేనివి ముందు, వాటిలోనూ చిన్నవి ముందు. సినిమాలు, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లు చివరికి కూడా అక్కర లేదు.

డిస్కు అలా నెమ్మదిస్తున్నా, శబ్దం చేస్తున్నా విండోస్‌లోని డిస్కు తనిఖీ సాధనం చెక్‌డిస్క్ నడపకండి. చాలామంది మొదట ఇచ్చే సలహా అదే, నాకు బాధ కలిగించేదీ అదే. అది డిస్కు మీది ప్రతి భాగాన్నీ తడుముతుంది, పైగా దొరికిన లోపాలను సరిదిద్దడానికి డిస్కు మీద రాస్తుంది. అలసిన డిస్కుకు అది చివరి పరుగు కావచ్చు. కాపీ పూర్తయ్యాక నడుపుకోవచ్చు. లినక్స్‌లో డిస్క్స్ అనే సాధనం తెరిచి స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, చూడండి. రీఅలోకేటెడ్, పెండింగ్ సెక్టార్ల (చెడిన, అనుమానం ఉన్న చోట్ల) దగ్గర సున్నాకు బదులు పెరుగుతున్న అంకెలు ఉంటే డిస్కు ఆరోగ్యం దిగజారుతోందని అర్థం. అప్పుడు డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం మేలు. అది తేలిగ్గా చదవగలిగిన భాగాలన్నిటినీ ముందు తీసుకుని, మొరాయించే చోట్లకు చివర్లో వెళ్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా అక్కడి నుంచే కొనసాగించవచ్చు. డిస్కు మొత్తానికి నకలు తీస్తుంది కాబట్టి గమ్యంగా పెట్టే డిస్కు అంతకన్నా పెద్దది కావాలి.

గట్టిగా కొట్టుకుంటున్న శబ్దం వస్తుంటే ఇవేవీ వద్దు. వెంటనే ఆపేసి డేటా రికవరీనే వృత్తిగా చేసేవారికి అప్పగించండి. ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా వింటారు. లోపల తేమ చేరి ఉన్నదీ పోతుంది. మూత విప్పడం అంతకన్నా ప్రమాదం. లోపలి హెడ్ పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది, ఒక్క దుమ్ము కణం చాలు దాన్ని గీరేయడానికి. ఎస్‌ఎస్‌డీ అయితే శబ్దం లాంటి హెచ్చరికే ఉండదు. పైగా చెరిపిన చోటును డిస్కే ఖాళీ చేసుకునే ట్రిమ్ అనే పద్ధతి వల్ల ఫార్మాట్ చేసిన ఎస్‌ఎస్‌డీ నుంచి ఫైళ్లు తిరిగి రావడం దాదాపు ఆశ వదులుకోవలసిన విషయం. నాకు దొరికిన ఆ 30 ఆడియోలూ పాత హార్డ్ డిస్కు కాబట్టి దొరికాయి.

కాపీ చేసేటప్పుడు డెస్క్‌టాప్‌ను మరచిపోకండి, చాలామంది ముఖ్యమైనవన్నీ అక్కడే పడేస్తారు. దాచి ఉంచే యాప్‌డేటా ఫోల్డరులో బ్రౌజర్ బుక్‌మార్కులు ఉంటాయి, మెయిలు నిల్వలు కూడా ఉండవచ్చు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు మాత్రం ఆ విండోస్ ఖాతాతో ముడిపడి ఉంటాయి కాబట్టి ఫోల్డరు తీసుకువెళ్లినంత మాత్రాన తెరుచుకోవు. బయటి డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీకి మించిన ఒక్క ఫైలును తీసుకోదు. అన్నీ వచ్చాక ఫైళ్ల సంఖ్య, పరిమాణం రెండు వైపులా పోల్చండి. వేరే కంప్యూటర్‌లో పది ఫోటోలు, మీ వ్యాసం తెరిచి చివరి పేజీ దాకా చూడండి. ఇంకో చోట రెండో ప్రతి పెట్టండి.

ఆ తర్వాత మరమ్మతు నిశ్చింతగా చేసుకోవచ్చు. స్టార్టప్ రిపేర్ చూడండి, ఇటీవలే అప్‌డేట్ వచ్చి ఉంటే దాన్ని తీసేయండి, లేదా సిస్టమ్ రీస్టోర్‌తో వెనక్కి వెళ్లండి. రీస్టోర్ మీ ఫోటోలను, పత్రాలను ముట్టుకోదు. కుదరకపోతే రీసెట్‌లో "కీప్ మై ఫైల్స్" ఎంచుకోవచ్చు. మీరు వేసుకున్న సాఫ్ట్‌వేర్ పోతుంది, యూజర్ ఫోల్డరు మిగులుతుంది. దాని కిందే "రిమూవ్ ఎవ్రీథింగ్" ఉంటుంది, తొందరలో దాని మీద వేలు పడకుండా చూసుకోండి. డిస్కు దెబ్బతిన్నదైతే ఇవన్నీ వృథా, కొత్తది వేయించండి. ఎవరికైనా అప్పగించవలసి వస్తే "లోపలి సమాచారం కావాలి, అడగకుండా ఫార్మాట్ చేయవద్దు" అని కాగితం మీద రాసి లాప్‌టాప్‌కు అంటించి ఇవ్వండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

మీది హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీయా, కమాండ్ ప్రాంప్ట్ తెరవబోతే తాళం అడుగుతోందా, ఈ రెండు విషయాలు రాయండి. దాన్ని బట్టి మీరు ఏ దారిలో వెళ్లాలో ఒక్కో అడుగూ వివరంగా చెబుతాను. అప్పటిదాకా లాప్‌టాప్‌ను మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకండి.