చారల మగది, ఆల్బినో ఆడది

చిరంజీవికి ఆశీస్సులు.

నీ లెపర్డ్ గెకో బల్లుల ఫోటోలు చూశాను. చారల మగదాన్ని ఆల్బినో (ఒంట్లో నలుపు రంగు లేని) ఆడదానితో జత చేస్తే చారలున్న ఆల్బినో పిల్లలు వస్తాయా అని అడిగావు. తొలి తరంలో రావనే అనుకో.

ఆల్బినో ఒకే జన్యువు పని, పైగా అంతర్గత లక్షణం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి అందితేనే బయటపడుతుంది. నీ మగదానిలో ఆ జన్యువు లేకపోతే పిల్లలన్నీ మామూలుగానే కనిపిస్తాయి, కానీ ఒక్కో కాపీని లోపల మోస్తుంటాయి. వీటినే హెట్ అంటాం. వాటిని తోబుట్టువులతో జత చెయ్యకు. బంధుత్వం లేని, అదే రకం ఆల్బినోతో చెయ్యి. అప్పుడు ఒక్కో గుడ్డు నుంచి ఆల్బినో వచ్చే అవకాశం సగం ఉంటుంది. రెండు హెట్‌లను జత చేస్తే నాలుగో వంతే. పైగా అప్పుడు మామూలుగా కనిపించే పిల్లల్లో మూడింట రెండు వంతులకు ఆ జన్యువు ఉండొచ్చు, ఏవన్నది చూసి చెప్పలేం. అలాంటిదాన్ని ఎవరికీ హెట్ అని ఖాయంగా చెప్పి ఇవ్వకు.

'అదే రకం' అని ఎందుకన్నానంటే, ఆల్బినోల్లో ట్రెంపర్, బెల్, రెయిన్‌వాటర్ అని మూడున్నాయి. మూడూ వేర్వేరు జన్యువులు. నేను మొదట్లో ఉత్త ఆల్బినో అన్న మాట నమ్మి ఒకదాన్ని కొని, నా ట్రెంపర్‌తో జత చేశాను. ఆ సీజన్‌లో పొదిగిన పిల్లల్లో ఒక్కటీ ఆల్బినో కాదు. పైగా రెండు రకాల జన్యువులూ ఆ పిల్లల్లో కలిసిపోయాయి. తర్వాతి తరాల్లో ఆల్బినో పుట్టినా ఏ రకమో చూసి తేల్చలేం కాబట్టి ఆ పిల్లల్ని మళ్లీ జత చెయ్యలేదు.

ఇక చారలు. వాటికి ఈ లెక్కలు పనికిరావు. చాలా జన్యువులు కలిసి తెచ్చే గుణం అది. బాగా గీత పడ్డ పిల్లల్ని ఎంచుకుంటూ తరాల తరబడి పోవాలి. పొదిగే వేడిని బట్టి కూడా రంగు మారుతుంది, చల్లగా పొదిగితే నలుపు ఎక్కువ కనిపిస్తుంది. కాబట్టి ఏ గుడ్డు ఎంత వేడిలో పొదిగిందో రాసిపెట్టుకో. ఆడా మగా తేలేది కూడా ఆ వేడితోనే.

అందం కోసం ఎనిగ్మా, లెమన్ ఫ్రాస్ట్ అనే రంగు రకాల జోలికి మాత్రం పోకు. ఎనిగ్మాల్లో చాలావాటికి తల వంకరపోయి గిరగిర తిరిగే జబ్బు ఉంటుంది. లెమన్ ఫ్రాస్ట్‌కు చర్మంలో కణుతులు లేస్తాయి. ఆ రంగుకూ కణుతులకూ మూలం ఒకే జన్యు ప్రాంతమని 2021లో వచ్చిన పరిశోధన చూపింది. వాటిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇంకో మాట. ఆడది మగదాని వీర్యాన్ని ఒంట్లో నెలల తరబడి దాచుకోగలదు. నీ దగ్గరికి రాకముందు వేరే మగదానితో ఉందేమో అడుగు. ఏ రకం ఆల్బినోనో కూడా కనుక్కుని రాయి. ఆ రెండూ తెలిసేదాకా వాటిని ఒకే డబ్బాలో పెట్టకు.

మీ బాబాయి