కత్తెర పక్కన కూర్చుని: ‘ప్రాజెక్ట్ రన్‌వే’ మీద మీ ప్రశ్నలు

క్రితం నెల ఇదే శీర్షికలో ‘ప్రాజెక్ట్ రన్‌వే’ గురించి రెండే రెండు వాక్యాలు రాశాను. ఉత్తరాల కట్ట వచ్చి పడింది. ఆ పోటీ చూడనివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. 2004 డిసెంబరులో అమెరికా టీవీలో మొదలైంది. డజను, అంతకు పైగా డిజైనర్లు, ఎక్కువ సీజన్లలో న్యూయార్క్‌లో, ఒకే వర్క్‌రూములో కుడతారు. వారానికో కొత్త పని, ఒకటి రెండు రోజుల గడువు. చివర ర్యాంప్ మీద మోడళ్ల నడక. ఒకరు గెలుస్తారు, ఒకరు పెట్టె సర్దుకుంటారు. చాలా సీజన్లు హైడీ క్లూమ్ నడిపింది. టిమ్ గన్ బల్లల మధ్య తిరుగుతూ సలహాలిచ్చేవాడు. మైకెల్ కోర్స్, నీనా గార్సియా తీర్పు చెప్పేవాళ్లు.

నేను ముప్ఫై ఏళ్లు కటింగ్ టేబుల్ దగ్గర నిలబడ్డ మనిషిని. ఎవరు ఎవర్ని ఏమన్నారన్నది నాకు సగమే వినపడుతుంది, నా కళ్లు వాళ్ల చేతుల మీద ఉంటాయి. జవాబులు కూడా అలాగే ఉంటాయి, సర్దుకోండి.

ప్రశ్న: మొదటి ఎపిసోడ్‌లో సూపర్‌మార్కెట్ సరుకులతో డ్రెస్సులు చేయించారట. అది డిజైనా, సర్కస్సా? (ఒక డిగ్రీ విద్యార్థిని)

సర్కస్సే. కాకపోతే తాడు మీద నడిచేవాడికి నడక వచ్చి ఉండాలి కదా! చేతికి 50 డాలర్లిచ్చి సూపర్‌మార్కెట్లోకి తోలారు. ఆస్టిన్ స్కార్లెట్ అనే కుర్రాడు మొక్కజొన్న పొత్తుల మీది ఆకులు ఒలిచి గౌను కుట్టి గెలిచాడు.

అది చూశాక నేను ఊరుకోలేదు. రెండు పొత్తులు ఒలిచి మిషను కింద పెట్టాను. ఆకులో ఈనెలన్నీ నిలువుగా ఉంటాయి, గుడ్డలో పడుగు దారాల్లా. నిలువుగా లాగితే గట్టిగా ఆగుతుంది, అడ్డంగా లాగితే సర్రున చీలుతుంది. మామూలు చిన్న కుట్టు వేశాను. సూది పొడిచిన బొట్లన్నీ కలిసి, తపాలా బిళ్ల అంచులా అక్కడికక్కడే తెగింది. కుట్టు పొడుగు పెంచి, ఒక ఆకు మీద ఇంకొకటి సగం ఎక్కించి వేస్తే నిలిచింది. మర్నాడు పొద్దున చూస్తే అంచులు లోపలికి ముడుచుకుపోయి, ముట్టుకుంటే గరగరమంటోంది. ఆ కుర్రాడు ఆ ఎండిపోయే సరుకుతో ఒక మనిషి ఒంటికి గౌను తొడిగి నడిపించాడు. గుడ్డ తెలిసినవాడే ఆ పని చేయగలడు.

ప్రశ్న: ఈ పోటీల్లో గొడవలన్నీ టీవీవాళ్లు పెట్టించేవే కదా? (పేరు వద్దన్న పాఠకుడు)

పెట్టించక్కర్లేదండీ. నిద్ర తక్కువ, గడువు తక్కువ, గది ఒకటే. నిబంధనల్లోనే నిప్పు ఉంది. రెండో సీజన్‌లో జులెమా గ్రిఫిన్ చేసిన పని చూడండి. ఆమె ఒక వారం గెలిచింది. గెలిచినవాళ్లు కావాలంటే మోడల్‌ని మార్చుకోవచ్చన్నది రూలు. ఆమె కొందరు మోడళ్లను మళ్లీ నడిపించి చూసి, నిక్ వెర్రియోస్ దగ్గరున్న అమ్మాయిని తీసుకుంది. రూలు ప్రకారం తప్పేమీ లేదు, కానీ గదిలో అందరి మొహాలూ మాడిపోయాయి.

‘మోడల్ మారితే ఏం కొంప మునిగింది, ఇంకో అమ్మాయి వస్తుంది కదా’ అని మీరనవచ్చు. ఒక మనిషి ఒంటికి నాలుగు బట్టలు కుట్టాక ఆ మనిషికి ఎడమ భుజం కాస్త దిగి ఉంటుందనీ, నడిచేటప్పుడు నడుము ఎటు తిరుగుతుందనీ టేపు పెట్టకుండానే చేతికి తెలిసిపోతుంది. ఆ చేతి జ్ఞాపకాన్ని ఎత్తుకుపోయినట్టు అయింది నిక్‌కి. నాకైతే జులెమా మీద కోపం లేదు, ఆ రూలు రాసిన మహానుభావుడి మీదే ఉంది.

ప్రశ్న: గదిలో కొలతల టేపు ఉంచుకుందని ఒకమ్మాయిని పంపేశారు. టేపు కూడా నేరమా? ఇంకొకాయన్ని పుస్తకాల కోసం పంపేశారట. మరీ చాదస్తం కాదా? (కుట్టు నేర్చుకుంటున్న ఒక గృహిణి)

కాదమ్మా. టేపు నేరం కాదు, దాంతో ఏం కొలిచారన్నది నేరం. 2017లో వచ్చిన పదహారో సీజన్‌లో క్లెయిర్ బ్యూటెన్‌డార్ప్ బసలో టేపు పెట్టుకుని తన సొంత బట్టలు కొలుచుకుంది. బయటపడగానే పంపేశారు. మూడో సీజన్‌లో, అంటే 2006లో, కీత్ మైకెల్ దగ్గర ప్యాటర్న్ పుస్తకాలు, అంటే గుడ్డ ఎలా కోయాలో చూపే నమూనాల పుస్తకాలు, దొరికాయని ఆయన్నీ సాగనంపారు.

బాగా కుదిరిన కోటు ఒకటి తీసుకోండి. చంక కోత ఎంత లోతు, భుజానికి కుట్టే దగ్గర చెయ్యి పైభాగం ఎంత ఎత్తు, వెనక భాగం ముందు భాగం కంటే ఎంత వెడల్పు. ఈ మూడూ కొలిచి కాగితం మీద పెడితే, కోటు కుట్టడంలో కష్టమైన సగం పని అయిపోయినట్టే. మిగతావాళ్లు అదే సగం కోసం కోరా గుడ్డ మీద కోసి, మొండెం ఆకారంలో ఉండే కుట్టు బొమ్మకి తొడిగి, విప్పి, మళ్లీ కోస్తూ నాలుగు గంటలు తగలేస్తారు. గడువే ఒకటి రెండు రోజులైనప్పుడు నాలుగు గంటలంటే మాటలా?

నేను శుద్ధపూసనేమీ కాదు. ఒకసారి రిపేరుకొచ్చిన కోటు చంక కోతని రాత్రికి రాత్రి కాగితం మీదకి దింపుకున్నాను. ఇరవై ఏళ్లు దాంతోనే బతికాను. బతుకుతెరువులో అది నేర్చుకోవడం. పక్కవాడికి లేని వెసులుబాటు నీకు మాత్రమే ఉన్న పోటీలో మాత్రం దొంగతనమే.

ప్రశ్న: జెఫ్రీ సెబెలియా బయటివాళ్లతో కుట్టించుకున్నాడని తోటి పోటీదారు లారా బెనెట్ అంది. చివరికి గెలిచింది ఆయనే. మీరు ఎవరి పక్షం? (టైలరింగ్ చేసే ఒక పాఠకుడు)

అదీ మూడో సీజనే. ఫైనల్ ముందు లారా ఆయన కుట్లు చూసి, ఇంత నీటుగా, ఇన్ని బట్టలు ఒక్క మనిషి చేతిలో అవుతాయా అని అడిగింది. పోటీవాళ్లు విచారించారు. బయటి చేతులు పడ్డట్టు ఏమీ తేలలేదు. బడ్జెట్ మాత్రం దాటాడు. అందుకని మోడళ్లకి పెట్టాలనుకున్న విగ్గులు తీసేయాల్సి వచ్చింది. విగ్గుల్లేకుండానే గెలిచాడు.

జెఫ్రీ నోటి దురుసు నాకు అస్సలు పడదు. ఎందుకో కింది ప్రశ్నలో చెప్తాను. అయినా ఈ విషయంలో ఆయన పక్షమే. ఎందుకంటే ఆ మాట నేనూ పడ్డాను. పనిలో చేరిన రెండో ఏడు ఒక ప్రిన్సెస్ కట్ జాకెట్ చేశాను. ఛాతీ మీద వంపు దగ్గర ఒక్క ముడత లేదు. అది చూసి అక్కడి పెద్ద మనిషి ‘ఇది ఈ పిల్ల కటింగ్ కాదు, ఎవరో మాస్టరు కోసిచ్చాడు’ అన్నాడు, పదిమంది ముందు. నేను ఏడవలేదు. ఇంకో ముక్క గుడ్డ అడిగి, సుద్ద తీసుకుని, అక్కడే నిలబడి కోశాను. ఆయన మధ్యలోనే టీ తాగడానికి లేచిపోయాడు. క్షమాపణా లేదు, ఏమీ లేదు.

లారా అడగడం తప్పని కూడా అనను. ఆరుగురు పిల్లల తల్లి, చక్కటి పనిమంతురాలు. అనుమానం ఉంటే వెనక గుసగుసలాడకుండా పోయి అడిగింది. అది నయం.

ప్రశ్న: నాది కొంచెం భారీ శరీరం. ఈ పోటీల్లో మామూలు ఆడవాళ్లకి కుట్టమంటే డిజైనర్లు ఎందుకంత బెంబేలెత్తుతారు? (ఒక ఉపాధ్యాయిని)

కుట్టు బొమ్మ మీద నేర్చుకున్న చేతులు కాబట్టి. పైన చెప్తానన్నది ఇదే. ఆ మూడో సీజన్‌లోనే పోటీదారుల తల్లుల్నీ అక్కచెల్లెళ్లనీ తీసుకొచ్చి, ఒకరి ఇంటివాళ్లకి ఇంకొకరు కుట్టాలన్నారు. జెఫ్రీకి ఏంజెలా కెస్లర్ అనే పోటీదారు తల్లి వచ్చింది. ఆవిడ తనకేం బాగుంటుందో చెప్పబోతే ఆయన విసుక్కున్నాడు. మాటా మాటా పెరిగి ఆవిడ కన్నీళ్లు పెట్టుకుంది. కొలతలిచ్చిన మనిషిని ఏడిపించినవాడు ఎంత గొప్ప కుట్టు కుట్టినా నాకు సగం మార్కులే.

అసలు చిక్కు చెప్తాను వినండి. చిన్న సైజు ప్యాటర్న్‌ని అన్ని వైపులా సమానంగా పెంచేస్తే పెద్ద సైజు అవదు. ఛాతీ, పొట్ట పెరిగినంతగా భుజం ఎముక పెరగదు కదా. అలా పెంచితే భుజం జారి జబ్బ మీదకొస్తుంది, చంక దగ్గర సంచీలా వేలాడుతుంది, ఛాతీ మీద మాత్రం గుండీలు నోళ్లు తెరుస్తాయి. భుజం అలాగే ఉంచి, చోటు డార్టులో, అంటే వంపు కోసం గుడ్డని మొన తేలేలా మడిచి కుట్టే మడతలో, ఇవ్వాలి. డార్టు లోతు పెంచాలి, దాని మొన సరిగ్గా ఎక్కడ ఆగాలో చూసుకోవాలి. పైగా ముందు భాగం పొడుగు కూడా కాస్త పెరగాలి, లేకపోతే జాకెట్టు ముందు వైపు పైకి లేస్తుంది. ఇది నాజూకు మోడళ్ల మీద ఎన్నాళ్లు కుట్టినా రాదు.

2015లో యాష్లీ నెల్ టిప్టన్ ఫైనల్‌లో మొత్తం ప్లస్ సైజు బట్టలే నడిపించి గెలిచింది, ఆ పోటీలో అలా గెలిచిన మొదటి మనిషి. 2017 సీజన్‌కి మోడళ్లే అమెరికా కొలతల్లో 0 నుంచి 22 సైజు దాకా వచ్చారు. అప్పుడు ఎవరికి కటింగ్ వచ్చో, ఎవరికి బొమ్మలు గీయడం మాత్రమే వచ్చో ర్యాంప్ మీద బట్టబయలైంది.

ప్రశ్న: టిమ్ గన్ మాటిమాటికీ అనే ‘మేక్ ఇట్ వర్క్’ని తెలుగులో ఏమనాలి?

‘ఏదో ఒకటి చేసి గట్టెక్కించు.’ పెళ్లి పొద్దున్నే జాకెట్టు బిగుతైందని ఏడుస్తూ వచ్చినవాళ్లకి మేం అనే మాటే.

ప్రశ్న: ఎనిమిదో సీజన్‌లో మాండో గెర్రా ఓడిపోవడం అన్యాయం కాదా? (చాలామంది)

ఈ ఒక్క ప్రశ్నే పదకొండు ఉత్తరాల్లో ఉంది! ఆ 2010 సీజన్‌లో తమ గుడ్డ మీది ప్రింటు తామే గీసుకోవాలన్న పని ఒకటి వచ్చింది. జ్ఞాపకాల్లోంచి, సొంత బతుకులోంచి తీయమన్నారు. మాండో ప్యాంటు నిండా ప్లస్ గుర్తులు వేశాడు. గాఢమైన రంగులు, పెద్ద పెద్ద గుర్తులు. అందరూ సరదా డిజైను అనుకున్నారు. ర్యాంప్ దగ్గర నిలబడి, ఆ ప్లస్ తన రక్త పరీక్షదని చెప్పాడు. పదేళ్లుగా హెచ్‌ఐవీ పాజిటివ్, అమ్మానాన్నలకి కూడా చెప్పలేదు. ఆ వారం గెలిచింది అతనే.

ఇప్పుడు నా కళ్లతో చూడండి. అంత పెద్ద ప్రింటు ప్యాంటు మీద వేస్తే, పక్క కుట్టు దగ్గర సగం ప్లస్ ఇటు, సగం అటు తెగి పడుతుంది. ముందు ముక్క, వెనక ముక్క కోసేటప్పుడే గుర్తుకి గుర్తు ఆనించి పెట్టుకోవాలి, గుడ్డ ఎక్కువ పడుతుంది. కథ విని నాకూ కళ్లు చెమర్చాయి, ఒప్పుకుంటాను. కానీ రెండోసారి చూసింది మాత్రం ఆ కుట్టు కోసమే.

ఫైనల్‌లో హైడీ క్లూమ్, అతిథిగా వచ్చిన జెస్సికా సింప్సన్ మాండో వైపు. కోర్స్, గార్సియా గ్రెచెన్ జోన్స్ వైపు. గంటల తరబడి వాదించుకుని గ్రెచెన్‌కి ఇచ్చారు. గ్రెచెన్‌ని జనం తిట్టిపోయడానికి ఇంకో కారణం ఉంది. అంతకుముందు ఒక జట్టు పోటీలో ఆమె పెత్తనం చూసి టిమ్ గన్ మిగతా జట్టువాళ్లని నిలదీశాడు, ఆమె మీ మీద అలా స్వారీ చేస్తుంటే ఎలా ఊరుకున్నారని. ఆ కోపమంతా ఫైనల్ దాకా మోసుకొచ్చి, ఆమె బట్టలు కూడా చెత్త అన్నారు జనం. చెత్త కావు. మట్టి రంగుల్లో హాయిగా, రేపు వేసుకుని బయటికి వెళ్లగలిగేలా ఉన్నాయి. అయినా నన్నడిగితే మాండోకే ఇచ్చేదాన్ని. గ్రెచెన్ బట్టల్లాంటివి ఇంకొకరూ కుట్టగలరు. 2012లో పాత పోటీదారులతో వచ్చిన ఆల్ స్టార్స్ మొదటి సీజన్ మాండోనే గెలిచాడు, కాబట్టి ఇక ఉత్తరాలు ఆపండి.

ప్రశ్న: గొడవ పడకుండా గెలిచినవాళ్లే లేరా?

నాలుగో సీజన్‌లో ఒక జట్టు పని ఉంది, చూడండి. క్రిస్టియన్ సిరియానో, క్రిస్ మార్చ్. ఒకడు అప్పటికి ఇరవై రెండు నిండని చిచ్చరపిడుగు, ఇంకొకాయన నాటకాల దుస్తులు చేసే వయసైన మనిషి. ఆర్గాంజా అనే పల్చటి గుడ్డ కుచ్చులు దొంతరలు దొంతరలుగా పెట్టిన గౌను చేశారు. ఆర్గాంజా చేతిలో ఆగదు, జారుతుంది, అంచు దారాలు పోతుంది, ఒక్క కుచ్చు వంకరైనా దూరానికి కనపడుతుంది. పెద్దాయన ‘నువ్వు చెప్పు, నేను కుడతా’ అని కూర్చున్నాడు. గెలిచారు. చివరికి సీజన్ కూడా క్రిస్టియన్‌దే. 2019లో అదే పోటీకి టిమ్ గన్ స్థానంలో సలహాదారుగా వచ్చాడు. పెద్దాయన ఆ రోజు అహానికి పోయి ఉంటే ఆ కుచ్చుల్లో సగం కూడా అయ్యేవి కావు.

ప్రశ్న: ఆ పోటీకి మీరు వెళ్లి ఉంటే ఎన్నో వారం ఇంటికొచ్చేవారు?

రెండో వారం. నాకు ముందు వదులుగా కచ్చాకుట్టు వేసుకోకుండా జిప్పు పెట్టడం ఇప్పటికీ రాదు. అక్కడ కచ్చాకుట్లకి టైమెక్కడిది? మొదటి వారం మాత్రం మొక్కజొన్న ఆకులతో నెట్టుకొచ్చేదాన్ని.